దుర్గ రఫ్ పుస్తకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మార్జిన్ లేని పుస్తకం కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. కొట్టివేతలు, సిరా మరకలు, పేజీ అంచుల్లో లెక్కలు నా క్లాసులో చెల్లవు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ శుక్రవారం మా బడి కొంప మునగబోయింది నా శుభ్రత వల్లే.

మాది పెదజాలారిపేటకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఎయిడెడ్ హైస్కూలు. జాతీయ స్థాయి ప్రీ-ఇంజనీరింగ్ కోర్సు ఒకటుంది, బళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసి, నిరుడు వేసవిలో పట్టుబట్టి దరఖాస్తు పెట్టించింది నేనే. హెడ్మాస్టరు శుభాకర్ గారు మొదట తల అడ్డంగా ఊపారు.

"మన పిల్లలకి పదోతరగతి గట్టెక్కితే అదే పదివేలండీ. మనకెందుకొచ్చిన గొడవ?"

నేను ఊరుకుంటానా! ఆ కోర్సు వాళ్ళడిగినవన్నీ ఒక్కొక్కటీ సమకూర్చాను. విరిగిన బెంచీలు బయటికి లాగించి ఒక గది ఖాళీ చేయించాను. ఆటోనగర్‌లో నాలుగు వర్క్‌షాపులు తిరిగి, పిల్లల్ని లోపలికి రానిచ్చే ఒక పెద్దమనిషిని ఒప్పించాను. తొమ్మిదో తరగతిలోంచి ఇరవై నలుగురిని ఎంచాను, సగం మంది ఆడపిల్లలే. పది రోజుల శిక్షణకి కూడా నేనే వెళ్ళాను. ఈ వయసులో డ్రిల్లు పట్టుకోవడం నేర్చుకుని, వేలికి కట్టుతో తిరిగొచ్చాను.

ఆ శిక్షణలో ఒక మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సొంత నోట్‌బుక్ ఉండాలి. అందులో పేజీ చింపకూడదు, తప్పు చెరపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టి, కింద తేదీ వెయ్యాలి. నేను ఆ మాటని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, స్కేలు పెట్టి కింద గీత కూడా గీసుకున్నాను. తిరిగొచ్చిన మొదటి రోజు పిల్లలకి చదివి వినిపించాను. తర్వాత మళ్ళీ ఆ పేజీ తియ్యలేదు.

మొదటి ఏడాది ప్రయోగం. ఏడాది చివర కోర్సు వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడు. బాగుందంటే కోర్సు మాకు ఉంటుంది. బాగులేదంటే డ్రిల్లింగ్ మిషనుతో సహా సామానంతా పెట్టెల్లో సర్ది వేరే బడికి పంపేస్తారు. ఆ మాట చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ బెంగ పెట్టుకుంది దుర్గ. జాలారిపేట పిల్ల. వాళ్ళమ్మ పోతమ్మ చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో అమ్ముతుంది. అంతకుముందు దుర్గ వారానికి మూడు రోజులొస్తే గొప్ప. ఆ గది తెరిచాక ఒక్క రోజు మానలేదు.

జనవరిలో నాకు కంగారు మొదలైంది. పిల్లల రఫ్ పుస్తకాలు చూస్తే కళ్ళు తిరిగాయి. అవి పట్టుకెళ్ళి బయటివాళ్ళకి చూపిస్తామా? అందరిచేతా కొత్త పుస్తకాల్లో ఫెయిర్ నోట్సు రాయించాను. నేను బోర్డు మీద రాశాను, వాళ్ళు ఎక్కించుకున్నారు. డిజైన్‌కి ఏడు మెట్లని ఉంటాయి, అవి కంఠతా పట్టించాను. రఫ్ పుస్తకాలు కట్టలు కట్టించి పాత పేపర్ల కొట్టుకి పంపేశాను. సామాను పాడవకుండా అల్మారాకి తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

శుక్రవారం పొద్దున పదింటికి వచ్చిన మనిషి పేరు సాయిశంకర్. అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు. ముప్పై దాటి ఉంటాయేమో, గాజువాకలో పుట్టి పెరిగానన్నాడు.

"ఏదైనా కొత్తగా చెయ్యాలంటే ఎలా మొదలెడతారమ్మా?" అని పిల్లల్ని అడిగాడు.

ఇరవై నలుగురూ లేచి నిలబడి ఏడు మెట్లూ అక్షరం పొల్లు పోకుండా ఒక్క గొంతుతో అప్పజెప్పారు. నేను పొంగిపోయాను. శుభాకర్ గారైతే చప్పట్లు కూడా కొట్టారు.

సాయిశంకర్ కొట్టలేదు. ఒక పుస్తకం తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. అయిదు పుస్తకాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"అందరూ ఒకే పంపు గీశారు మేడమ్. నీళ్ళు పైకెళ్ళాల్సిన చోట బాణం అందరికీ కిందికే ఉంది."

బోర్డు మీద తిరగేసి గీసింది నేనే. ఒక్కరూ అడగలేదు. నేను అడగనిస్తే కదా!

"ఈ ఏడాది మీ చేతుల్లో ఏదైనా పాడయిందా? విరిగిందా?" అని మళ్ళీ పిల్లల్ని అడిగాడు.

ముందు బెంచీలో చింటూ గర్వంగా లేచాడు. "ఏటీ ఇరగ్గొట్నేదు సార్! అల్మారా తాళం టీచర్ కాడే ఉంటాది."

సాయిశంకర్ నవ్వలేదు. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "మా ఫ్యాక్టరీలో తయారుచేసే ముక్కలు రోజూ పాడవుతాయి మేడమ్. ఎందుకు పాడయిందో రాసుకున్నవాడి రెండో ముక్క బాగా వస్తుంది. వీళ్ళకి పాడుచేసే అవకాశమే దొరకలేదు. ఇలాగైతే నేను సిఫార్సు రాయలేను."

"రఫ్‌లో చేశారండీ!" అన్నాను గబుక్కున.

"అయితే రఫ్ చూపించండి."

తల కొట్టేసినట్టయింది. పాత పేపర్ల కొట్టుకి వేశానని ఏ నోటితో చెప్పను? ఎలాగో చెప్పాను. ఆయన నిట్టూర్చి, రిపోర్టు రాసుకోవడానికి శుభాకర్ గారి గదిలోకి వెళ్ళాడు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇంతలో వెనక నుంచి ఎవరో గుసగుసలాడారు. "దుర్గ కాడుంది టీచర్. అది ఇయ్యలేదు కొట్టుకి."

దుర్గ బ్యాగుని రెండు చేతులా గుండెకి అదుముకుంది.

"ఉందా?" అన్నాను.

"ఉందండి. అమ్మ బేసిన్ కొలతలన్నీ దాన్లోనే ఉన్నాయని దాసుకున్నానండి."

"మరి ఆయన అడిగినప్పుడు నోరు విప్పవేం? ఇలా తే!"

"నానియ్యనండి."

"ఏంటా పెంకితనం? ఈ గది పోతుందే!"

ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. "దాన్లో మీ రాత ఉంది టీచర్. ఆ సారు సూత్తే మిమ్మల్ని ఏటనుకుంతారు?"

చెయ్యి చాపాను. చాలాసేపటికి ఇచ్చింది.

తెరిస్తే మొదటి పేజీకే చేప పొలుసొకటి అంటుకుని ఉంది. కింద థర్మోకోల్ పెట్టె బొమ్మ. 'ఐసు బరువుకి పగిలింది' అని రాసి, ఒక్క గీత కొట్టి, తేదీ వేసింది. రెండో బొమ్మలో బేసిన్ అడుగున చిల్లులు. 'నీళ్ళు కారి అమ్మ మెడ తడిసింది.' దానికీ గీత, తేదీ. మూడోది ఒకదాని కింద ఒకటిగా రెండు అడుగులున్న బేసిన్. పై అడుగుకి చిల్లులు, కింద అడుగులో చేరిన నీళ్ళు పక్కనుంచి పోవడానికి చిన్న గొట్టం. ఇంటి దగ్గర ఐసు ఎంత, సీతమ్మధార చేరేసరికి ఎంత మిగిలింది, పదకొండు రోజులు తూచి రాసింది. శిక్షణలో నేను అందంగా రాసుకున్నదంతా ఈ పిల్ల చేసి పెట్టింది.

అన్నిటి మీదా నా ఎర్రసిరా. 'మార్జిన్ ఏది?' 'ఇది ఫిజిక్స్ క్లాసు, చేపల బజారు కాదు.' ఆఖరి పేజీలో, 'పుస్తకం కంపు కొడుతోంది. మళ్ళీ ఇలా తెస్తే బయట నిలబెడతాను.'

ఇది రాసింది నేనా అని అడగడానికి లేదు, నా చేతిరాత నాకు తెలియదా! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఒక్క పేజీ చింపేస్తే ఎవరికి తెలుస్తుంది? నిజం చెబుతున్నాను, చెయ్యి పేజీ మీదకి వెళ్ళింది. దుర్గ చూస్తూనే ఉంది, వద్దనలేదు. నేను చింపేస్తే కూడా ఏమీ అనేది కాదు. అందుకే చింపలేకపోయాను.

"పద" అన్నాను.

హెడ్మాస్టరు గదిలో సాయిశంకర్ పుస్తకం అందుకుని మొదటినుంచీ తిరగేశాడు. మూడో బొమ్మ దగ్గర ఆగాడు. ఆఖరి పేజీ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"ఈ ఎర్రసిరా ఎవరిది?"

"నాదేనండీ" అన్నాను. "పిల్ల సరిగ్గానే చేసింది. నేనే చూడలేకపోయాను."

శుభాకర్ గారు తల దించుకున్నారు. సాయిశంకర్ దుర్గ వైపు తిరిగాడు. "ఈ బేసిన్ ఏదమ్మా? చూడొచ్చా?"

"ఇక్కడ నేదండి. పొద్దున్నే మాయమ్మ అట్టుకెల్లిపోనాది."

"పనిచేస్తోందా?"

"మెడ తడవట్నేదండి. కానీ బరువెక్కువైపోనాది. నాలుగోది తేలిగ్గా సెయ్యాల. గది ఉంటే సేత్తానండి."

ఆయన అంతకుముందు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కొత్త కాగితం తీశాడు. "ఇరవై నాలుగింటిలో ఒక్కటే మేడమ్. పాసని రాయలేను. ఇంకో ఏడాది గడువు రాస్తాను. సామాను ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాది నాకు ఫెయిర్ నోట్సు వద్దు. అల్మారాకి తాళం కూడా వద్దు."

ఆయన వెళ్ళాక నేనూ దుర్గా తిరిగి గదిలోకి వచ్చాం. తాళంచెవి తీసి చింటూ చేతికిచ్చాను. వాడు నమ్మలేక రెండుసార్లు నా మొహం చూసి, అల్మారా దగ్గరికి పరుగెత్తాడు. దుర్గ పుస్తకం మాత్రం నేనింకా ఇవ్వలేదు.

"ఒక్క నిమిషం ఉంచుకోనా?" అని అడిగాను. తలూపింది.

ఆఖరి పేజీ తీశాను. చెరిపేద్దామంటే చెరపకూడదు, చింపకూడదు. పెన్ను తీసి, అలవాటు కొద్దీ డెస్కు మీద స్కేలు కోసం వెతుక్కున్నాను.

"స్కేలొద్దు టీచర్" అంది దుర్గ, నవ్వు ఆపుకుంటూ. "సేత్తోనే కొట్టేయండి."

కొట్టాను. గీత వంకరగానే వచ్చింది, కింద నేను రాసిందంతా ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. తేదీ వేశాను.