చెరిపే ముందు ఒకసారి

నిర్మాత మంచివాడు, అందుకే చెడ్డ వార్త చెప్పడానికి అరగంట తీసుకున్నాడు. కాఫీ తెప్పించాడు, ఏసీ తగ్గించాడు, తన మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. ఆ పాత అంతరిక్ష సీరియల్ కథని కొత్తగా తీయడం లేదు. యాభై ఏళ్ల కిందటిది ఇప్పుడెవరు చూస్తారని పైవాళ్లు తేల్చేశారట.

"సరేనండీ," అంది రచయిత్రి.

ఏడుస్తుందనో, దెబ్బలాడుతుందనో కాచుకుని కూర్చున్న మనిషికి ఆ "సరేనండీ" మింగుడుపడలేదు. రెండేళ్లు రాసింది, పదకొండు సార్లు తిరగరాసింది మరి. కానీ ఇరవై మూడు రోజులుగా ఆమె ఇంతే. నాన్న పోయిన రోజున కూడా వచ్చినవాళ్లకి కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, కంట్లో చుక్క నీరు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. అక్కడేదైనా ఉంటే కదా రాయి చేసుకోవడానికి, అనుకుంది ఆమె.

ఆమెకి కావలసింది ఒక్కటే. "ట్రయల్ రీడింగ్‌లో నాన్న చదివిన రికార్డింగ్ ఉంది కదండీ. అది నాకిప్పించండి. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు."

"దానికేం భాగ్యం! కింద స్టోరులో అడుగమ్మా."

నిజంగానే ఎక్కడా లేదు. నాన్నకి ఫోన్లంటే చిరాకు. "ఆఁ, సరే, పెట్టేస్తున్నా" అనే మూడు ముక్కలకి మించి అందులో మాట్లాడి ఎరగడు.

ఆ కథ తెలియనివాళ్లు స్టూడియోలో లేరు. నౌకలో అందరూ నిద్రలోనే పోయారు, ఒక్క చిన్నపిల్ల మిగిలింది. ఆ పిల్లకి అన్నం పెట్టి, లెక్కలు నేర్పే యంత్రం ఒకటి ఉంటుంది. "మా అమ్మ ఎప్పుడు లేస్తుంది?" అని పిల్ల రోజూ అడుగుతుంది. "రేపు లేస్తుంది," అంటుంది యంత్రం. అంతే కథ. యంత్రానికి గొంతివ్వాల్సిన నటుడు జ్వరమని రాకపోతే, టేపుల స్టోరులో పనిచేసే నాన్నని లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టారు. నటన అంటే ఏమిటో తెలియని మనిషి, ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. జనం టీవీల ముందు వెక్కివెక్కి ఏడ్చారు.

ఏడాది తిరిగేసరికి కొత్త టేపులు చాలక, పాతవి చెరిపి వాడుకోమని కాగితం వచ్చింది. జాబితాలో అదీ ఉంది. నాన్నే చెరిపాడు, తన గొంతుని తన చేత్తో. "ఒక్కటి దాచుకుంటే ఏం పోయేది నాన్నా?" అని కూతురు వెయ్యిసార్లు అడిగింది. "రూలు," అని ఆయన వెయ్యిసార్లూ అన్నాడు.

కొత్త కథలో ఆమె ముగింపు మార్చింది. యంత్రం చివరికి నిజం చెబుతుంది: "అమ్మ ఇక లేవదు." నిడివి ఎంతొస్తుందో చూడ్డానికి స్టాప్‌వాచ్ పెట్టి, రికార్డు చేస్తూ ట్రయల్‌గా చదివించినప్పుడు, యంత్రం గొంతుకి మళ్లీ నాన్ననే తీసుకొచ్చింది. అది నాలుగు నెలల కిందటి మాట. ఆయన అన్నీ చదివాడు, ఆ ఒక్క లైను దగ్గర ససేమిరా అన్నాడు.

"చదువు నాన్నా, ఒక్క లైనే కదా."

"యంత్రం అలా అనదే."

"నా యంత్రం అంటుంది!"

కాగితాలు బల్ల మీద కొట్టి బయటికొచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరివీ ముక్తసరి మాటలే. ఆయన ఒంట్లో జబ్బుందని ఆమెకి తెలిసేసరికి ఆయనకి మాట పడిపోయింది.

స్టోరులో ఇప్పుడన్నీ కంప్యూటర్లే, అయినా అలవాటుకొద్దీ టేపులనే అంటారు. అక్కడుండేది నాన్న చేతికింద పని నేర్చుకున్నాయన. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. సంగతి వినగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. దాని ఒక కాడకి దారం చుట్టి ఉంది.

"సోమవారం కాగితం వచ్చిందమ్మా. సోమవారమే చెరిపేశాను."

ఇవాళ గురువారం.

"ఒక్క ఫోన్ చేయకపోయావా బాబాయ్?"

"నీకు ముందే చెప్పుంటారు, నువ్వు పట్టుకెళ్లుంటావు అనుకున్నాను. కాగితం వచ్చిన పూటే చెరిపేయాలి, తెల్లారితే చెయ్యి రాదు అనేవాడు మీ నాన్న. అదే అలవాటైపోయింది."

ఆమె కుర్చీలో కూలబడింది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఫ్యాను తిరుగుతూంటే దాన్నే చూస్తూ కూర్చుంది.

"కానీ విన్నానమ్మా," అన్నాడు బాబాయ్. "చెరిపే ముందు ఒకసారి మొత్తం వినాలి, ఏముందో పుస్తకంలో రాయాలి. అదీ ఆయన పెట్టిన పద్ధతే. ఇప్పుడెవరూ అడగరు. నేనే మానలేదు."

అట్ట ఊడిన పుస్తకం తెచ్చి, వేలు పెట్టుకుని చదివాడు, హాజరు పిలిచినట్టు.

"ముప్పై ఆరో నిమిషం. రచయిత్రి అరుపులు. తలుపు చప్పుడు. ముప్పై ఏడు. మంచినీళ్లు తాగిన చప్పుడు. ముప్పై ఎనిమిది. పెద్దాయన ఆ లైను చదివారు. 'అమ్మ ఇక లేవదు.' మళ్లీ చదివారు. మూడోసారి అమ్మ బదులు నాన్న అని చదివారు."

ఆమె ఫ్యాను మీంచి చూపు దించింది.

"నలభై. 'అమ్మాయికి డాక్టరు చెప్పిందంతా నేనే చెప్పాలి. యంత్రం చేత చెప్పిస్తే ఎలా? రేపు చెబుతాలే.' ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఖాళీ." బాబాయ్ పుస్తకం మీంచి తల ఎత్తలేదు. "రూలు ప్రకారం ఒకసారి వింటే చాలు. నేను మూడుసార్లు విన్నానమ్మా."

"ఎలా అన్నాడు?"

"ఏది?"

"రేపు చెబుతాలే అని. ఎలా అన్నాడో అను."

పాపం బాబాయ్ గొంతు సవరించుకుని అన్నాడు. బస్టాండులో బస్సు ఆలస్యమని చెప్పినట్టుంది.

"అలా కాదు బాబాయ్. చివర గొంతు దించేస్తాడు, మనం ఇంకేం అడక్కుండా." చిన్నప్పుడు సైకిలు కావాలన్నా, చెల్లి కావాలన్నా ఆయన జవాబు అదే గొంతులో వచ్చేది. "ఇలా... రేపు చెబుతాలే."

అచ్చం నాన్న గొంతే. తన నోట్లోంచే వచ్చింది.

ఆమె పుస్తకం మీదికి వంగిపోయి, చిన్నపిల్లలా, నోరు తెరుచుకుని ఏడ్చింది. ఇరవై మూడు రోజులదీ, నాలుగు నెలలదీ కలిపి ఏడ్చింది.

బాబాయ్ ఊరుకోమనలేదు. పేజీ తడవకుండా పుస్తకాన్ని మాత్రం మెల్లిగా పక్కకి జరిపాడు.