ఒకే డబ్బాలో మాత్రలు

అందరికీ వడ్డించగా మిగిలి గిన్నె అంచుకు అంటుకున్న ఖిచిడీని గరిటెతో గీకి మెహర్ తన పళ్ళెంలో వేసుకుంటున్నది. భర్త మోయిజ్ చేతులు తుడుచుకుంటూ, ఆమె దిగులు ముఖం చూసి, "ఇంట్ల కూసొని చేసే నౌకరీకి గంత పరేషాన్ ఏంది?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. జవాబు కోసం ఎదురుచూపూ లేదు. అతడు బట్టల దుకాణానికి వెళ్ళిపోయాడు.

పాత మందు కన్నా కొత్త మందు మేలని ఎవరైనా ధైర్యంగా చెప్పాలంటే, ఎవరికి ఏది ఇవ్వాలో ముందుగా సందేహానికి తావులేకుండా నిర్ణయించేవాళ్ళు ఒకరుండాలి. హైదరాబాదులో గణాంకశాస్త్రం చదివిన మెహర్, ఖమ్మంలోని ఈ ఇంటి సామాన్ల గదిలో కూర్చొని ఆ పనే చేస్తుంది. ఇప్పుడు చేస్తున్నది భద్రాచలం అవతలి అడవి పల్లెల్లో రక్తహీనత మాత్రల పరీక్ష. ఏ స్త్రీకి ఏ మాత్ర అన్నది చీటీలే తేల్చాయి. మింగేవాళ్ళకూ ఇచ్చేవాళ్ళకూ తేడా తెలియకూడదని పాత, కొత్త మాత్రలు రెండింటినీ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో చేయించింది. సీసాల మీది అంకెలొక్కటే వేరు. ఆ పోలికను చూసి ఆమె లోలోపల గర్వపడింది కూడా.

నిన్న ఆ పల్లెల్లో ఒకదానిలో దుర్గ అనే ఆమె మెహర్ ముందు ఒక స్టీలు డబ్బా తెచ్చి పెట్టింది. తన సీసా, తోటికోడలు పుల్లమ్మ సీసా రెండూ అందులోనే ఒంపేసిందట. ఇద్దరు ఆడవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. రెండు మందులూ అందరి కడుపుల్లోకీ చేరితే ఏది మేలైనదో ఎట్లా తెలుస్తుంది? మాత్రలు పంచే నర్సు ముఖం మాడిపోవడం దుర్గ చూసింది. అయినా డబ్బాను దాచలేదు.

"ఒక్క తీరుగనే ఉన్నయి గదక్కా. ఒక్క పొయ్యి మీద వండుకునేటోళ్ళం, మందు ఏరేరు దాసుకుంటమా?" అన్నది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పినందుకు మమ్మల్ని తీసేస్తరా?"

తీసేయనివ్వనని మెహర్ మాట ఇచ్చింది. తిరుగు బస్సులో సిగ్గుతో తల దించుకుంది. కూతురు షబ్రీన్ పుట్టినప్పుడు అత్త మహబూబీ తన బలం మాత్రల్లో సగం పొట్లం కట్టి, ఎవరూ చూడకుండా కోడలి దిండు కింద పెట్టేది. ఆ మాత్రలతో లేచి తిరిగిన మనిషి, పరీక్షకు పథకం గీసేటప్పుడు ఆ దిండునే మరిచిపోయింది.

పదింటికి ఈ పరీక్షను నడిపే డాక్టర్ జైరాం ఫోన్ చేశాడు. కలిపేసుకున్న ఇళ్ళను లెక్కలోంచి తీసేద్దామన్నాడు. మిగిలినవాళ్ళతో ఫలితం శుభ్రంగా వస్తుందట.

"పంచుకునేవాళ్ళను తీసేస్తే, వచ్చే ఫలితం ఎవరికి పనికొస్తది సార్?" అన్నది మెహర్. జరిగింది జరిగినట్టే రాసి, దీన్ని తొలి ప్రయత్నంగా మాత్రమే చూపిద్దామన్నది. ఈసారి చీటీ మనిషి పేరున కాక ఊరి పేరున తీద్దామన్నది. ఒక ఊరిలో అందరిదీ ఒకే మాత్రయితే, ఎన్ని డబ్బాలు కలిసినా నష్టం లేదు.

ఊళ్ళు ఎక్కువ కావాలి, ఏడాది వృథా అవుతుంది అన్నాడతడు. ఆమె కాంట్రాక్టు గడువు దగ్గర పడిందని మెత్తగా గుర్తుచేశాడు.

మెహర్ వెనక్కి తగ్గలేదు. "వాళ్ళను తీసేసేటట్టయితే నా పేరు కూడా తీసేయండి సార్."

"కొత్త పథకం రాసి పంపండి," అన్నాడతడు చివరికి. కాంట్రాక్టు ఊసెత్తలేదు.

గుమ్మంలో పప్పు ఏరుతూ అంతా విన్న మహబూబీ, "ఆ పల్లె ఆడపిల్లలు పరీక్షల ఉంటరా బేటీ?" అనడిగింది.

"ఉంటరమ్మీ. వాళ్ళు చెప్పకపోతే అబద్ధాన్ని నిజమని అచ్చేసేదాన్ని." అత్త పక్కన కూర్చుంటూ, ఆ పొట్లాలకు ఇన్నేళ్ళుగా చెప్పని షుక్రియా చెప్పింది. మహబూబీ విననట్టు పప్పులోంచి ఇంకో రాయి ఏరి పారేసింది.

సాయంత్రం భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచి, మోయిజ్ ముందు సాలన్ కూర గిన్నె ఉంచి, మెహర్ ఎప్పటిలా మూడు కాదు, నాలుగు పళ్ళేలు పెట్టి కూర్చున్నది. షబ్రీన్ తల్లి వంక వింతగా చూసింది. "మేం తిన్నంక తింటవ్ గదా?" అన్నాడు మోయిజ్.

మెహర్ లేవలేదు. మహబూబీ కొంచెం పక్కకు జరిగి, కోడలికి చోటిచ్చి, కొడుకుతో అన్నది: "సాలన్ గిన్నె నడుమ పెట్టు మోయిజ్. ఎవరిది వాళ్ళం వడ్డించుకుందం."