ఎనిమిది తీసి అయిదు

బుల్లిబాబు నా బావమరిది. నా భార్య పుష్పవతికి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఒక్క కారణం చేతనే వాడి కాళ్లు ఇంకా వాడికి ఉన్నాయి.

డెబ్భై ఎనిమిదిలో ముక్త్యాల వైపు పనిమీద వచ్చిన అమెరికా ఇంజనీరు ఒకాయన వెళ్లిపోతూ తన కారు నాకు అమ్మాడు. ఎర్ర కారు. స్టార్టు చేస్తే జగ్గయ్యపేట బజారంతా తల తిప్పి చూసేది. డ్రైవరు తలుపు తీస్తే అంచున చిన్న రేకు, దానిమీద కంపెనీ కొట్టిన అంకెలూ అక్షరాలూ. వాటిని ఆయన ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. మొదటి అంకె ఎనిమిది, అంటే అరవై ఎనిమిదిలో తయారైంది. పక్క అక్షరం ఏ ఊళ్లోనో చెబుతుంది. తర్వాతవి బాడీ, ఇంజను. కింది వరసలో రంగు. నాకు ముచ్చటేసి బుల్లిబాబును పిలిచి చూపించాను. "ఇది దీని జాతకంరా" అన్నాను. ఆ మాట అనకుండా నా నోరు పడిపోయినా బాగుండేది.

బ్రేకు సామాను కోసం మద్రాసు వెళ్లి వచ్చేసరికి తలుపు అంచున కొత్త రేకు మెరుస్తోంది. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి పనితనం. మూలన కమలం కూడా చెక్కాడు. మొదటి అంకె అయిదు!

"ఏంట్రా ఇది?"

"మొత్తం కూడితే ఎనిమిదొచ్చింది బావా. శని. మొదటిది అయిదు చేయిస్తే మొత్తం కూడా అయిదయింది. నీ మంచికే చేయించా."

"అది కారు పుట్టిన సంవత్సరంరా వెధవా! పాత రేకేదీ?"

"కృష్ణలో కలిపేశా. శాంతి కూడా చేయించా."

"వాడు మన మేలు కోరే కదండీ చేశాడు" అంది పుష్పవతి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే నందిగామ దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టర్ ఆపాడు. ఆర్సీ బుక్కులో ఎనిమిది, రేకు మీద అయిదు. "ఈ కమలం కూడా అమెరికాలోనే చెక్కారాండి?" అన్నాడు. దొంగ కారని కేసు పెట్టి స్టేషనుకు తోలించారు.

అయినా నేను బెదరలేదు. అదే నంబరు కంపెనీవాళ్లు బానెట్ లోపల, ఇంజను పక్క రేకు మీద కూడా కొడతారు. కోర్టులో ఆ మాటే చెప్పాను. చూసి రమ్మని ఇన్‌స్పెక్టర్ని పంపారు. స్టేషను ఆవరణలో బానెట్ ఎత్తి, దుమ్ము నా కండువాతోనే తుడిచాను. నంబరు ఉంది. మొదటి అంకెను ఆకురాయితో అరగదీసి అయిదు కొట్టారు. పక్కన కమలం.

వెనక్కి తిరిగాను. గేటు దగ్గర బుల్లిబాబు.

"నువ్వేగా బావా ఆ చోటు కూడా చూపించావు. ఒకచోట ఎనిమిది వదిలేస్తే శాంతి ఫలించదన్నారు."

నా దగ్గర ఇంకే సాక్ష్యమూ మిగల్లేదు. కారు స్టేషనులోనే ఉండిపోయింది. వానలకు ఎర్ర రంగు పొక్కులు లేచింది. టైర్లు బురదలో దిగబడ్డాయి. ముందద్దం మీద తెల్ల పెయింటుతో కేసు నంబరు రాశారు. నూట ఏడు.

మొన్న వాయిదాకు బుల్లిబాబు కూడా వచ్చాడు. తిరిగొస్తూ స్టేషనులో ఆ అద్దం ముందు నిలబడి వేళ్లు లెక్కపెట్టాడు. మొహం పాలిపోయింది.

"బావా, ఇది కూడినా ఎనిమిదే. స్టేషను రైటరుతో మాట్లాడి ఒక్క అంకె మార్పిద్దామా?"

పోలీసు స్టేషనని కూడా చూడలేదు. చెప్పు తీశాను.