ఆరు దాటకూడదు

శుక్రవారం పూట గోపాలసామి అంగడి తెరవలేదంటే తమిళనాడులోని ధర్మపురి కడవీధి బజారులో నలుగురూ ఆగి అడుగుతారు. కర్పూరం, సాంబ్రాణి, తమలపాకులు, దీపం వత్తులు అమ్ముకునేవాడికి శుక్రవారమే పండగ. ఆ రోజు మాత్రం తొమ్మిదైనా ఆయన నడవలో కుర్చీ వదిలి లేవలేదు. చేతిలో ఫోను, ఎదురుగా టీవీ, టీవీలో సముద్రం.

సముద్రం మీద పాంబన్ పాలం. ఆ పక్క తెలుగువాళ్ళు వంతెన అనరు, అరవంలో లాగే పాలం అంటారు. మండపం దగ్గర నేల ముగిసిపోతుంది. అక్కడి నుంచి రామేశ్వరం దీవి దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళ మీద బస్సులూ లారీలూ పోయే పాలం ఒకటి, పక్కనే కిందుగా రైలు పోయేది ఒకటి. తుఫాను వస్తున్నదని ముందురోజు సాయంత్రమే రైళ్ళు ఆపేశారు. తెల్లవారి బస్సులు కూడా నిలిపేశారు. టీవీలో పాలం మీది రోడ్డు బోసిగా ఉంది. అల లేచినప్పుడల్లా నీటి తుంపర రోడ్డును తడిపిపోతోంది.

ఆ రోడ్డుకు అవతల, దీవిలో, తంగచ్చిమడం అనే ఊళ్ళో గోపాలసామి ఒక్కగానొక్క కూతురు నివేదిత ఉంది. ఎనిమిదో నెల.

"చూస్తా కూచుంటే తగ్గుతుందా అది?" వంటింట్లో నుంచి అలమేలు అంది. "రెండు నెల్లకు ముందే పోయి పిల్చుకొని వస్తామంటే విన్నారా? ఇప్పుడు టీవీకి దండం పెట్టండి."

గోపాలసామి టీవీ శబ్దం తగ్గించాడు. బిడ్డ అక్కడ ఉండిపోయింది ఆయన మాట వల్లనే.

అల్లుడు వసంత్ మంచివాడు. ఆ పాలాలకు తుప్పు పట్టకుండా రంగు వేయించే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఉప్పుగాలి ఇనుమును చెదపురుగులాగా తింటుందట. ఈ కొస నుంచి రంగు వేసుకుంటూ ఆ కొసకు పోయేలోగా ఈ కొస మళ్ళీ తుప్పెక్కి పిలుస్తుందట. "మా పని ముగిసేది లేదు మామా" అని నవ్వుతాడు. పోయిన ఏడాది అతనూ నివేదితా బండి మీద పాలం దాటి రామనాథపురం పోయి సినిమా చూసి వచ్చారు. వారానికల్లా మూడు నెలల కడుపు పోయింది.

అప్పుడు గోపాలసామి, చనిపోయిన తన తల్లి రాసిపెట్టిన నోటుబుక్కు తీశాడు. ఇంటి ఆచారాలన్నీ ఆమె అందులో రాసిపెట్టింది. ఏ నోముకు ఏ పిండివంట, కొత్త చీపురు ఏ రోజు కొనాలి, పురుడు తీరేదాకా దేవుడి దీపం ఎవరు పెట్టాలి. తెలుగు అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ రావు. అందుకని ఇంట్లో మాట్లాడే తెలుగునే అరవ అక్షరాల్లో రాసింది. అందులో ఒక వాక్యం చదివి గోపాలసామి కూతురికి ఫోను చేశాడు.

"కడుపుతో వుండే బిడ్డ ఏరు దాటకూడదని మీ అవ్వ రాసిందమ్మా. ఏరే దాటకూడదంటే సముద్రం దాటుదురా?"

ఆ మాట అనకుండా ఉండవలసింది. పిల్ల అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉంది. ఇక అది తన తప్పే అనుకుంది.

ఈసారి మళ్ళీ నెల తప్పినప్పటి నుంచి నివేదిత పాలం వైపే పోలేదు. ఏడో నెలలో గాజులు తొడిగే వేడుకకు అమ్మా నాన్నలే దీవికి పోయారు. బస్సు పాలం మధ్యకు పోయినప్పుడు గోపాలసామి కిటికీలో నుంచి కిందికి చూశాడు. ఇది నేలా, నీళ్ళా? చక్రాల కింద గట్టి రోడ్డు ఉంది. రోడ్డు కింద సముద్రం ఉంది. అంతా రాముడు కట్టించిన సేతువు పక్కనే కదా, ఇక్కడ దాటడం దోషమా, పుణ్యమా? ధర్మపురి వచ్చాక పురోహితుణ్ణి అడిగాడు కూడా. "మీ ఇంటి పెద్దలు రాసిపెట్టినదాన్ని నేను కాదనేది ఎట్లా?" అన్నాడాయన. గోపాలసామి తల ఊపి వచ్చేశాడు.

తొమ్మిదిన్నరకు పచ్చయమ్మత్త వచ్చింది. గోపాలసామి తండ్రికి చెల్లెలు, ఎనభై దాటిన మనిషి. మారండహళ్ళిలో పొద్దున టీవీ చూసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చింది.

"ఏమిరా, బిడ్డని సముద్రంలో పెట్టి నువ్వు కుర్చీలో కూచోనుండావు?" గడప దాటకముందే అంది.

"సముద్రంలో కాదత్తా, దీవిలో."

"దీవంటే ఏమిరా? నాలుగు పక్కలా సముద్రమే కదా."

అంతలో ఫోను మోగింది. వసంత్. గాలి హోరులో మాట తెగి తెగి వస్తోంది. గోపాలసామి అందరికీ వినబడేటట్టు స్పీకరు పెట్టాడు.

"మామా, పొద్దున్నించి నొప్పులు. డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసింది. బీపీ ఎక్కువైపోయింది, ఆపరేషన్ చేయాల, రామనాథపురం పోవాల, ఇప్పుడే పోవాల అంటా వుంది. ఆంబులెన్సు వాకిట్లో నిలిచింది. దాన్ని మాత్రం పాలం మీద వదులుతామన్నారు పోలీసోళ్ళు. గాలి ఇంకా హెచ్చితే అదీ వదలరంట. నివి ఎక్కనంటా వుంది మామా! మీతో మాట్లాడాలంట."

ఫోను చేతులు మారింది. తర్వాత నివేదిత గొంతు, నొప్పికి మధ్యలో ఆగుతూ.

"నాయనా... అవ్వ రాసింది కదా. పోయినసారి దాటి పోగొట్టుకుంటి. ఇప్పుడూ దాటేదా?"

గోపాలసామి నోరు తెరిచాడు. మాట రాలేదు. వత్తి అంటుకునేంత సేపు, అంతే. ఒక పక్క బిడ్డ, ఇంకొక పక్క తల్లి చేతిరాత. తర్వాత ఫోను మీదికి వంగాడు.

"పోమ్మా. ఏమీ కాదు. రామనాథస్వామి వుండాడు, ఎక్కి పో."

"భయపడి చెప్తా వుండారు. మీ గొంతు నాకు తెలీదా? దినానికొక మాట చెప్తుందా అవ్వ?"

"ఎక్కవే పిచ్చిదానా!" అలమేలు తడి చేతులతోనే ఫోను దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "శాస్త్రం మాట్లాడే వేళనా ఇది?"

"ఇంకొకటి పోతే నేను తట్టుకోలేనమ్మా" అంది నివేదిత. అరిచి చెప్పలేదు, మెల్లగా చెప్పింది.

పచ్చయమ్మత్త కర్ర నేలకేసి తట్టింది. "ఎవురురా రాసింది, మా వదినా? ఆ బుక్కు తే ఇట్ల. అక్షరం వదలకుండా చదువు. నాకు చదువు రాదు, చెవులు బాగానే వుండాయి."

గోపాలసామి దేవుడి గూట్లో నుంచి నోటుబుక్కు తెచ్చాడు. అట్ట మీద కుంకుమ బొట్టు. కాగితాలు తిప్పి తిప్పి ఆ పేజీ పట్టుకున్నాడు. తల్లి గుండ్రటి రాత మీద వేలు పెట్టి, బడిపిల్లవాడిలాగా కూడబలుక్కుంటూ చదివాడు.

"కడుపుతో... వుండే బిడ్డ... ఆరు... దాటకూడదు."

"ఆ? మళ్ళీ చదువు."

"ఆరు దాటకూడదు. అంటే ఏరు..."

"అంటే గింటే వద్దు. వుండేది ఆరా, ఏరా?"

"ఆరు అనే వుందత్తా. ఆరంటే ఏరే కదా? కావేరి ఆరు, పెన్నై ఆరు అంటాము కదా."

"అది అరవంలో కదరా!" ముసలామె గొంతు పెరిగింది. "మీ అమ్మ ఇంట్లో అరవం మాట ఎత్తనిచ్చేదా? అన్నాన్ని సోరు అంటివని నీ నెత్తిన గరిటె పెట్టి కొట్టింది, మరిచిపోతివా? అట్లాటిది ఏటిని ఆరంటుందా? ఆరంటే ఆరే. నాలుగు, ఐదు, ఆరు! ఆరో నెల దాటకుండా బిడ్డని పుట్టింటికి తెచ్చుకోవాల అని. అది మన ఇంటి వాడుక. నన్ను అట్లనే తెచ్చినారు. ఆ దినాల్లో పాలమూ లేదు గీలమూ లేదు. ఏట్లో నీళ్ళు పోతా వుంటే ఎద్దుల బండి దింపి దాటించినారు నన్ను, కడుపుతోనే. ఏమైపోతిని?"

గోపాలసామి కాగితం వైపు చూశాడు. ఆ రెండు అక్షరాలు అట్లనే ఉన్నాయి. కంటితో చూసినన్నాళ్ళు అవి అరవంగానే కనబడ్డాయి. నోటితో చదివితే, చదువురాని అత్త చెవికి, తెలుగై వినబడ్డాయి.

అలమేలు గోడకు ఆనుకుంది. "నన్ను అత్తమ్మ ఐదో నెల్లోనే మా ఊరికి పంపించె. పళ్లిపట్టికి. ఇంత ముందరే ఎందుకు అంటే, ఆరు దాటకూడదే అనె. మీరు ఏరని చెప్తే నేనూ ఏరనే అనుకుంటి. బుక్కులో ఏముందో నేను ఏం చూస్తిని?"

గోపాలసామి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నివీ, వింటివా అమ్మా?"

"ఊఁ."

"నేను తప్పు చదివినాను. అవ్వ నిన్ను ఆపలేదు. ఆరో నెల్లోనే తెచ్చుకో అని నాకు చెప్పింది. నేను తెచ్చుకోలేదు. పోయినసారి కూడా నీ తప్పు ఏమీ లేదమ్మా, ఒక్క రవ్వ కూడా లేదు. తప్పంతా నాది. ఎక్కు."

అవతల గాలి. ఎవరో అరవంలో తొందరపెడుతున్నారు. తర్వాత "నీ చెయ్యి ఇయ్యి" అని నివేదిత మొగుడితో అనడం వినబడింది. తలుపు ధభీమని పడింది.

ఫోను ఆపవద్దని వసంత్‌కు చెప్పాడు. "పాంబన్ వచ్చినాము... ముందర పోలీసు జీపు... పాలం ఎక్కినాము మామా." ఆ మాట తర్వాత ఒక పెద్ద హోరు. లైను తెగిపోయింది.

మళ్ళీ చేస్తే కలవలేదు. టీవీలో పాలం కనబడుతూనే ఉంది. తెల్లటిది ఏది కదిలినా "అదేనారా? అదేనా?" అని పచ్చయమ్మత్త లేచి నిలబడుతోంది. అది పొద్దున తీసిన బొమ్మ, తిప్పి తిప్పి అదే వేస్తున్నారని గోపాలసామికి తెలుసు, చెప్పడానికి మనసు రాలేదు. దేవుడి గది ముందర నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఊరికంతా కర్పూరం అమ్మినవాడు ఒక బిళ్ళ తీసి వెలిగించలేకపోయాడు. ఏమని అడిగేది? నీ పేరు చెప్పే కదా స్వామీ నేను దాన్ని అక్కడ కట్టేసింది. ఇప్పుడు నీ పేరే చెప్పి విప్పమనేదా?

ఇరవై ఐదు నిమిషాలకు ఫోను మోగింది.

"మండపం దాటేసినాము మామా. కళ్ళు తెరిచే వుంది."

అలమేలు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకొక ఫోను వచ్చింది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు, అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి భయం లేదు. పిల్ల సంగతి మూడు రోజులు పోతేనే చెప్పగలమన్నారు.

పచ్చయమ్మత్తను ఇంటికి కాపలా ఉంచి, మూడు గంటలకు మొగుడూ పెళ్ళాలు రామనాథపురానికని మదురై బస్సెక్కారు. గోపాలసామి నోటుబుక్కును సంచిలో పెట్టుకున్నాడు. ఆరు పక్కన నెల అనే మాట చేర్చాలని. మనవరాలు బతికి పెద్దదైతే, దాని కాలానికి మళ్ళీ ఎవరూ తప్పు చదవకూడదు. సేలం దాటాక పెన్ను తీశాడు. బస్సు కుదుపులో రాయబుద్ధి కాలేదు.

కుదుపు ఒక్కటే కాదు. ఆయన మనసులో ఇంకొకటి మెదులుతోంది. అక్షరం తప్పు చదివినాను, సరే. అమ్మ నిజంగానే ఏరు అని రాసి ఉంటే? ఆ గాలిలో, ఆ నొప్పుల్లో, అప్పుడేం చెప్పి ఉందును? పోమ్మా అనే అన్నాను కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. అన్నావు, వత్తి అంటుకునేంత సేపు ఆగి అన్నావు. ఆ ఆగిన సేపు ఎవరిది? అమ్మదా, దేవుడిదా, నాదా?

అలమేలు ధర్మపురి నుంచి ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలేటప్పుడు బస్సు కావేరి పాలం ఎక్కింది. వానలకు కావేరి రెండు గట్లూ ఒరుసుకుని ఎర్రగా పోతోంది. బస్సులో ఆడవాళ్ళు చేతులు జోడించారు. అలమేలు కూడా జోడించింది. దించిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన వైపు తిరగకుండానే అడిగింది.

"ఇది ఆరా, ఏరా?"

గోపాలసామి కింద పోయే నీళ్ళను చూశాడు. చక్రాల కింద పాలం గట్టిగానే ఉంది.

"ఏదైతేనేమి" అన్నాడు. "పోయి పిల్చుకొని వచ్చుండాల నేను."

అలమేలు అప్పుడు తిరిగి చూసింది. సంచిలో నుంచి ఫోను తీసి ఇద్దరికీ మధ్య పెట్టింది. బస్సు అవతలి గట్టు చేరేదాకా ఇద్దరూ ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు.