మట్టి పూసుకున్నవాడికే కనిపించిన చెట్టు కంగారూ

మా కొండల్లో భార్య పోయినవాడు ఒంటికి తెల్లమట్టి పూసుకుంటాడు. చావు విందు అయ్యేదాకా కడగడు. వేటకు రానివ్వరు, వాడి పొడకు జంతువులు పారిపోతాయట. రక్తసంబంధీకులూ పూసుకోవాలి. నా భార్య మువే పోయినప్పుడు నేను పూసుకున్నాను. ఆమె తమ్ముడు పూసుకోలేదు.

మా కొండ మీద, కొమ్మల్లో తిరిగే చెట్టు కంగారూను చూశానని మువే ఒకసారి అంది. అది నది అవతల నాచు అడవిలోనే బతుకుతుందని అందరూ అంటారు. జంతువుల్ని లెక్కపెట్టడానికి సముద్రపొడ్డు లే పట్నం నుంచి వచ్చినవాళ్ళ పటంలోనూ దాని చోటు అక్కడే. తమ్ముడు ఊళ్ళో పెద్ద వేటగాడు. అక్కను అందరి ముందూ అబద్ధాలకోరు అన్నాడు. ఆ పేరుతోనే ఆమె పోయింది.

ఈ ఉదయం తేనె కోసం కొండెక్కాను. తల మీద కొమ్మ నుంచి పొడుగాటి పసుపు తోక వేలాడుతోంది. అది ఆకు నములుతూ నన్ను చూసింది. కదల్లేదు. కిందికి ఎలా పరుగెత్తానో నాకే తెలియదు.

"ఒరే, ఉందిరా! మీ అక్క చెప్పిందే!"

బావమరిది వక్క ఉమ్మేసి నవ్వాడు. "మట్టి కంట్లో పడ్డట్టుంది బావా."

"వచ్చి చూడు."

విల్లు, కుక్కలతో వచ్చాడు. కుక్కలు మొరిగాయి. దూరంగా ఆకులు గలగలమన్నాయి. అంతే.

"గాలిని చూపించడానికి తెచ్చావా?"

అప్పుడు తట్టింది. మట్టి వాసన నా ఒంటి వాసనను కప్పేసింది. ఇన్నాళ్ళూ మావాళ్ళు తలకిందులుగా నమ్మారు.

"కుక్కల్ని పంపెయ్. విల్లు పడెయ్. మట్టి పూసుకో."

"పూసుకోను."

"అక్క నిజం చెప్పిందేమోనని భయమా?"

పళ్ళు కొరుకుతూ తెల్లమట్టి దొరికే వాగులోకి దిగాడు. తెల్లగా తిరిగొచ్చాడు. పొదలో కూర్చున్నాం. కొమ్మ వంగింది. తోక దిగింది. పొట్ట సంచిలోంచి చిన్న తల బయటికొచ్చింది. వాడు నా చెయ్యి విరిచినంత పని చేశాడు.

"బావా, పిల్ల! ఇక్కడే కాపురం ఉంటోంది!"

"మెల్లగా, వెధవా!"

ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం. మువే పోయాక నేను నవ్వడం అదే మొదలు.

దిగేటప్పుడు వాగు దగ్గర ఆగాడు. చిలగడదుంపల తోటలోంచి ఆడవాళ్ళు చూస్తున్నారు.

"ఇప్పుడా పూసుకునేది?" అని ఒకావిడ అరిచింది.

"అక్క అబద్ధమాడలేదు. నేనే ఆడాను," అన్నాడు.

నీళ్ళకేసి చూశాడు. నాకేసి చూశాడు. కడుక్కోమని నేను అనలేదు.

అలాగే ఊళ్ళోకి నడిచాడు.