వెలగని ఎర్రదీపం

మనకు మేలు చేసిన మనిషిలో తప్పు కనిపిస్తే, నోరు విప్పడం కృతఘ్నత అవుతుందా, నోరు మూసుకోవడం అవుతుందా? ఈ సందేహం మీరావలిని ఏళ్ల తరబడి వెంటాడుతూ వచ్చింది. ఐదుపూటలా నమాజు తప్పని మనిషి. ఆ సందేహాన్ని అల్లా ముందు ఎన్నోసార్లు పెట్టుకున్నాడు గానీ, మనుషుల ముందు ఒక్కసారీ పెట్టలేదు.

ఆ మేలు చేసినవాడు అక్క గౌసియా భర్త, అజ్మతుల్లా. ఉదయగిరిలో సైకిలు షాపు మూతబడి, దిక్కు తోచక తిరుగుతున్న మీరావలికి వీసా పంపి, అబూధాబీ రప్పించి, ముసఫ్ఫాలో ఒక కంపెనీలో స్టోరుకీపరు పని ఇప్పించాడు. దుబాయ్ వెళ్లిన కుటుంబాల్లో ఈ సంగతి తెలియనివారుండరు: వీసా ఇచ్చినవాడు బతికినంత కాలం మనకు పెద్ద. అతను వాడేసి పక్కన పెట్టిన సోఫా, ఫ్రిజ్జు, చివరికి అద్దెకున్న ఫ్లాటు కూడా, అతను చెప్పిన ధరకే మన ఇంటికి వస్తాయి. బేరమాడితే మర్యాద కాదు. బాగాలేదంటే విశ్వాసం లేనట్టు.

రెండువేల ఆరు చలికాలంలో అట్లాగే ఒక బండి వచ్చింది. అటు కారూ కాదు, ఇటు జీపూ కాదు, మధ్యరకం క్రాసోవర్. అజ్మతుల్లా అదే రకంలో కొంచెం కొత్త మోడలు సెకండ్ హ్యాండులో కొనుక్కుని, పాతది బామ్మర్దికి ఇచ్చాడు.

"బండి కాదబ్బయ్యా, గుర్రం! బయటోళ్లకిస్తే ఇంకా వస్తుంది. నువ్వు మనోడివని ఇస్తుండా," అన్నాడు తాళం చేతిలో పెడుతూ.

"మీ దయ బావా," అన్నాడు మీరావలి.

చలికాలం ఉన్నన్నాళ్లూ గుర్రం బాగానే పరుగెత్తింది. ఎండలు ముదరగానే అసలు గుణం బయటపడింది. సిగ్నలు దగ్గర ఆగితే చాలు, ఏసీలోంచి వేడిగాలి కొట్టేది. రేడియేటరు కారడం మొదలైంది. అది మార్పిస్తే ఫ్యాను మోటారు పోయింది. ఫ్యాను వేయిస్తే, ఇంజిన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చిరిగి, గేరు వేసినప్పుడల్లా బండి ఒళ్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ముందు చక్రాల దగ్గర టకటక శబ్దం సరేసరి. సెలవులకు ఊరికి కొనాల్సిన టికెట్ల డబ్బు నెలనెలా గ్యారేజీకి నడిచిపోయింది.

"గుర్రమన్నారు గదా మీ బావ! గుర్రానిక్కూడా ఇంత దాణా పట్టదండీ," అంది భార్య దిల్షాద్ బేగం ఒకరోజు.

"ఊరుకో. ఎవరి దయతో తింటున్నాం?"

"అల్లా దయతో. భాయ్‌సాబ్ దారి చూపించారు, కాదనను. దారి చూపించినాయనకి ముందర గుంట ఉందని చెప్తే తప్పెట్టా అవుద్ది?"

మీరావలి టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్లిపోయాడు. జవాబు దొరకనప్పుడు అతను చేసే పని అదే.

జూన్‌లో ఒక శుక్రవారం పిల్లల్ని తీసుకుని అల్ ఐన్ ఊరికి బయలుదేరారు. సగం దారి దాటాక, ఇసుక తప్ప మరేమీ లేనిచోట, బండి ముక్కుతూ మూలుగుతూ ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి ముఖాన కొట్టింది. ఆ బండిలో వేడి చూపించే ముల్లు ఉండదు. ఇంజిను వేడెక్కితే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగాలి. అది వెలగలేదు. వెలిగివుంటే పది మైళ్ల వెనకే, పెట్రోలు బంకు నీడలో ఆగేవాళ్లు. ఏసీ లేని బండిలో, నిప్పులు చెరిగే ఎండలో చిన్నకూతురు వాంతి చేసుకుని సొమ్మసిల్లింది. నీళ్ల ట్యాంకరు నడిపే ఒక పఠాన్ ఆగి, వాళ్లను ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపాడు. సెలైను ఎక్కించాక బిడ్డ కళ్లు తెరిచి "అమ్మీ" అనేదాకా దిల్షాద్ ఆ మంచం కోడు వదల్లేదు.

బండిని లాక్కొచ్చి ముసఫ్ఫాలో రమీజ్ గ్యారేజీలో పెట్టారు. రమీజ్ ప్రొద్దుటూరు మనిషి. ఇంజిను విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"హెడ్డు వంగిపోయింది. గ్యాస్కెట్ కాలిపోయింది. బండి కొన్నదాంట్లో సగం అయితాదన్నా."

తరువాత డాష్‌బోర్డు విప్పి, వేలితో చూపించాడు. ఎర్రదీపం ఉండాల్సిన గూడు ఖాళీ.

"తెలిసే తీసినారు. సెన్సారు మారిస్తే ఖర్చు గదా, బల్బు పీకితే ఖలాస్. సూడన్నా, తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక్కతూరి వెలిగి ఆరాల. ఏదన్నా వెలగలేదంటే దాని నోరు ఎవురో నొక్కినట్టే."

ఆ మాట మీరావలి గుండెలో ముల్లులా దిగింది. అయినా బావతో మాత్రం "వేడికి ఆగిపోయింది బావా," అని సరిపెట్టాడు.

"నీళ్లు చూసుకోబళ్లేదా? బండి కొంటే చాలదబ్బయ్యా, పెట్టుకోవడం తెలియాల," అన్నాడు అజ్మతుల్లా.

మీరావలి తల ఊపాడు. దిల్షాద్ భర్త వైపు చూసిన చూపు మాత్రం అతనికి చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు.

డిసెంబరు వచ్చింది. శుక్రవారం జుమ్మా అయ్యాక అక్కగారింట్లో భోజనాలు. మేనకోడలు బుష్రాకు లైసెన్సు వచ్చి ఏడాది కావస్తోంది. అల్ ఐన్‌లో స్నేహితురాలి పెళ్లి. ఆ సాయంత్రం తల్లిని ఎక్కించుకుని తనే నడుపుకుంటూ వెళ్తానంది.

"వెనకాల పార్కింగులో ఉంది బండి, కొంచెం గుమ్మం ముందుకు తెచ్చిపెట్టు," అని అజ్మతుల్లా తాళం బామ్మర్దికిచ్చాడు.

మీరావలి తాళం తిప్పాడు. జూన్ తరువాత అలవాటైన చూపు దీపాల మీదికి పోయింది. అన్నీ వెలిగాయి. హ్యాండు బ్రేకు లాగి ఉంది. అది లాగినా, బ్రేకు నూనె తగ్గినా వెలగాల్సిన ఎర్రదీపం మాత్రం వెలగలేదు. దింపి మళ్లీ లాగాడు. ఆ చోటు నల్లగానే ఉంది.

తరువాతెప్పుడైనా బావను పక్కకు పిలిచి మెల్లగా చెబుదామా అనుకున్నాడు. ఆ 'మెల్లగా' ఎన్నటికీ రాదని అతనికి ఇప్పుడు బాగా తెలుసు. బిస్మిల్లా అనుకుని తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఉత్తచేతులతో గుమ్మం ముందుకొచ్చాడు. గౌసియా, బుష్రా అప్పటికే మెట్లు దిగుతున్నారు.

"బుష్రా, ఈరోజు ఆ బండి తీయొద్దు తల్లీ."

"ఎందుకు మామూ?"

"బ్రేకు దీపం వెలగడంలా. బల్బు తీసుండారు."

వాళ్ల వెనక నుంచి అజ్మతుల్లా నవ్వాడు. "ఓస్, అదా! ఊరికే వెలుగుతా ఉంటే గ్యారేజీవోడు పీకేసినాడు. వెలిగితే ఏటేటా చేసే పాసింగు పరీక్షలో ఫెయిల్ చేస్తారు గదా. బ్రేకులు భేషుగ్గా పడతుండాయి. తాళమియ్యి."

"ఇయ్యను బావా."

ఈ దేశానికి వచ్చింది మొదలు ఆ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అజ్మతుల్లా ముఖం ఎర్రబడింది.

"నాకు చెప్పేంతోడివైనావా? నిన్నీ దేశం తెచ్చిందెవురు?"

"మీరే. నేను తినే ప్రతి ముద్దలో మీ పేరుంది. అందుకే ఇయ్యను. మీరిచ్చిన బండిలో కూడా ఇట్టాగే బల్బు పీకేసుండింది. నా బిడ్డ చావు అంచుదాకా పోయొచ్చింది. వేడికి ఆగిందని మీతో అబద్ధం చెప్పినా. ఇంక చెప్పలేను. మీరు కొట్టినా సరే, మాటలు మానేసినా సరే, రమీజ్ వచ్చి చూసేదాకా తాళం నా జేబులోంచి బయటికి రాదు."

దిల్షాద్ వచ్చి భర్త పక్కన నిలబడింది.

గౌసియా తమ్ముడి వైపు నిదానంగా తిరిగింది. "బల్బు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"జూన్‌లో అక్కా."

"జూన్ నుంచి నా కూతురు ఈ బండిలోనే తిరగతా ఉంది. రెండిట్లోనూ బల్బు పీకింది అదే గ్యారేజీ, పీకించింది అదే మనిషి. మీ బావకు కోపమొస్తదని, నీ బిడ్డ చావు దాకా పోయిందని కూడా నాకు చెప్పకుండా మా ఇంట్లో నవ్వతా బిర్యానీ తిని పోయినావు. దీన్ని మర్యాద అంటారా తమ్ముడూ?"

పొగడకపోయినా, కనీసం అక్క తన వైపు ఉంటుందనుకున్న మీరావలి తల దించుకుని రమీజ్‌కి ఫోను చేశాడు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

సాయంత్రపు అసరు నమాజు అయ్యాక రమీజ్ వచ్చాడు. బండి కిందికి దూరి, వెనక చక్రం లోపలివైపు తడిమి, తడిసిన వేళ్లు బయటికి చాపాడు. బ్రేకు నూనె పైపు పగిలి కారుతోంది. డబ్బాలో నూనె అడుగంటింది.

"ఈడ వీధుల్లో మెల్లగా పోతే పడతాది. మఫ్రఖ్ దాటి హైవే ఎక్కి, ఆ స్పీడులో గట్టిగా తొక్కినారంటే..." అని బుష్రా ముఖం చూసి, మిగతా మాట మింగేశాడు.

కొత్త పైపుకి అయిన ఖర్చు ఆరోజు వండిన బిర్యానీ ఖర్చు కంటే తక్కువ.

ఆడవాళ్లు టాక్సీలో పెళ్లికి వెళ్లారు. అజ్మతుల్లా గుమ్మం మెట్ల మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"ఈ దేశంలో నేను వీసాలిచ్చినోళ్లు పాతికమంది ఉండారు అబ్బయ్యా. నేనేమన్నా పాతికమందీ 'కరెక్టే బావా, కరెక్టే భాయ్' అంటారు. అది నా గొప్పనుకున్నా. నాకు ఎదురు చెప్పే నోళ్లన్నీ నేనే మూయించుకున్నా. రమీజ్‌ని ఉండమను. ఈ బండికి కూడా బల్బు వేయించు. ఇంకోటి... నా మాటలో తప్పు కనిపిస్తే చెప్పు. నాకు కోపమొస్తది. అయినా చెప్పు."

"చెప్తా బావా," అన్నాడు మీరావలి, అతని పక్కన మెట్టు మీద కూర్చుంటూ.

మేలు చేసినవారికి వంగి సలాము చేస్తే రుణం తీరదు. వారి క్షేమం కోసం వారికి నచ్చని నిజం చెబితేనే తీరుతుంది. వీసా ఇచ్చిన బావకు మీరావలి ఇన్నేళ్లుగా పడిన ఆ చిన్న బాకీ, ఒక్క నిజమైన మాట, ఆ సాయంత్రానికి చెల్లిపోయింది.