బ్రిజిడ్ సమాధి నుంచి ఉత్తరానికి

నా భార్య బ్రిజిడ్ సమాధి మీది చెక్క, గనుల కంపెనీవాళ్ళ కట్టెల కుప్పలో కనిపించింది. పేరు చెక్కిన వైపు కిందికి తిప్పి పెట్టారు. సమాధి ఉన్నచోట నేల చదును చేసి రాళ్ళు పోశారు.

ఎందుకో వెంటనే అర్థమైంది. ఈ నెవాడా కొండ మీద మొదటి గని నాది. దాని హద్దును, మా గనుల పుస్తకం రాసే రికార్డరు తాకరీ ‘బ్రిజిడ్ సమాధి నుంచి ఉత్తరానికి రెండు వందల అడుగులు’ అని రాశాడు. నా గని చివర నుంచి రెండోది, దాని చివర నుంచి మూడోది. రాతిలోని వెండి పాయ పొడుగునా అందరి హద్దులూ అలా ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. సమాధి లేదంటే ఎవరికీ గని లేదు.

తాకరీని సభ పెట్టి ఎన్నుకున్నది మా గనివాళ్ళమే. ఇప్పుడు వాడి ఒంటి మీది కోటు కంపెనీ కుట్టించింది. ఇది చదివే కూలివాడా, నీ ఊళ్ళో రికార్డు ఎవరి చేతిలో ఉందో, వాడి కోటు ఎవరు కుట్టించారో వెళ్ళి చూసుకో.

మర్నాడు తాకరీ షెరీఫును వెంటబెట్టుకొచ్చాడు. సమాధి ఉంటే తవ్వి చూపించమన్నాడు. లేకపోతే కొండంతా కంపెనీదే.

గనివాళ్ళు నా వైపు చూశారు. ఆ చూపులు నాకు నచ్చలేదు. నేను తవ్వితే వాళ్ళు బతుకుతారు. ఎవడు ముందు అడుగుతాడా అని ఒక్కొక్కడి మొహమే చూశాను. రెండో గని జోరీ పార పట్టుకొచ్చాడు. ఇంటినిండా పిల్లలు వాడికి.

“నువ్వేనట్రా తవ్వేది?” అన్నాను.

“నోర్ముయ్యి, కోలం,” అని పారను గని గోతిలోకి విసిరేశాడు. షెరీఫు వైపు తిరిగాడు. “ఆమె శవపెట్టె మోసింది ఈ భుజమే. ఎక్కడ దించానో నాకు తెలుసు. పార వేస్తే ముందు నా మీద వెయ్యి.”

వెళ్ళి ఆ రాళ్ళ మీద నిలబడ్డాడు. ఆమెకు గొయ్యి తీసినవాళ్ళు కదిలారు. ఆమె ఒళ్ళు కడిగి బట్ట కట్టిన ఆడవాళ్ళు కదిలారు. చివరికి అందరూ చుట్టూ చేరారు. షెరీఫు మనుషులు మగవాళ్ళను ఇద్దరిద్దరిగా కలిపి చేతులకు సంకెళ్ళు వేశారు. నన్ను జోరీకి కట్టారు.

గనివాళ్ళు ఎక్కడ కూడితే అక్కడే మా సభ. జోరీ అక్కడే సభ మొదలుపెట్టాడు. తాకరీని రికార్డరు పని నుంచి తీసేయాలన్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. చేతులు లేచాయి, పక్కవాడి చేతిని లాక్కుంటూ.

“చెల్లదు. ఎవరు ఎత్తారో ఎవరిది లేచిందో ఎలా తెలుస్తుంది?” అన్నాడు తాకరీ.

“సంకెళ్ళు విప్పించి లెక్కపెట్టుకో,” అన్నాను.

ఎవరూ చెయ్యి దించలేదు.